గట్స్ మ్యాన్‌ను ఎందుకు చంపాలి?

మెగా మ్యాన్ ఆట గురించి ఎవరు రాసినా ముందుగా ఒక మాట రాస్తారు: చాలా కష్టం, కానీ న్యాయంగా ఉంటుంది. చచ్చిన ప్రతిసారీ తప్పు ఆడేవాడిదే, ఆటది కాదంటారు. చిన్నప్పటి నుంచీ నేనూ అదే నమ్మాను, నలుగురికీ చెప్పాను కూడా. ఈ ఎండాకాలం సోమశిలలో మా ఇంట్లో కూర్చుని మొదటి రెండు భాగాలూ మళ్లీ ఆడాక ఆ మాట మీద నమ్మకం సడలింది. కష్టం సంగతి సరే, కాదనేదేముంది. న్యాయమే తేలడం లేదు. నేనంటున్నది ఆడేవాడికి జరిగే న్యాయం కాదు, అవతల నిలబడి చచ్చేవాడికి జరిగేది.

ఆడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1987 డిసెంబరులో జపాన్‌కు చెందిన క్యాప్‌కామ్ కంపెనీ ఫ్యామికామ్ యంత్రం కోసం విడుదల చేసిన ఆట ఇది. అక్కడ దీని పేరు రాక్‌మ్యాన్, అమెరికాకు పోయేసరికి మెగా మ్యాన్ అయింది. నీలం రంగు మరపిల్లాడు, ఒక చెయ్యి తుపాకీ గొట్టం. గుంతలు దూకుతూ, నిచ్చెనలు ఎక్కుతూ, ఎదురొచ్చినవాటిని కాలుస్తూ పోతే దశ చివర ఒక పెద్ద యంత్రం ఉంటుంది. మొదటి భాగంలో అలాంటివి ఆరు. ఏ దశ ముందు ఆడాలో మనిష్టం. ఓడిన యంత్రం ఆయుధం మన చేతికొస్తుంది. అది మిగిలినవాళ్లలో ఒకడికి ప్రాణాంతకం. కట్ మ్యాన్ కత్తెర ఎలెక్ మ్యాన్‌ను కోస్తుంది. ఎలెక్ మ్యాన్ మెరుపు ఐస్ మ్యాన్‌ను, ఐస్ మ్యాన్ మంచు ఫైర్ మ్యాన్‌ను, ఫైర్ మ్యాన్ నిప్పు బాంబ్ మ్యాన్‌ను, బాంబ్ మ్యాన్ బాంబు గట్స్ మ్యాన్‌ను, గట్స్ మ్యాన్ ఎత్తి విసిరే బండ మళ్లీ కట్ మ్యాన్‌ను. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టు ఇక్కడ ఒక్కొక్కడి ప్రాణం పక్కవాడి చేతిలో ఉంటుంది. ఎవడి ప్రాణం ఎవడి దగ్గరుందో కనిపెట్టడమే సగం ఆట.

మా ఇంటికి ఇది దొంగ కేసెట్‌లో వచ్చింది. 1998 ఎండాకాలం సెలవుల్లో వనపర్తిలో రిపేరు షాపు నడిపే మా మేనమామ ఒక వీడియో గేమ్ డబ్బా తెచ్చిచ్చాడు. సమురాయ్, లిటిల్ మాస్టర్ అని రకరకాల పేర్లతో అమ్మేవాళ్లు, లోపలంతా ఆ ఫ్యామికామ్‌కు నకలే. కేసెట్ అంటే పాటల కేసెట్ కాదు, ఆట ఉండే ప్లాస్టిక్ పలక. దాన్ని మేం కేసెట్ అనే అనేవాళ్లం. సరిగ్గా పట్టకపోతే తీసి, నోటితో ఊది, మళ్లీ పెట్టేవాళ్లం. అక్షరాలన్నీ జపానువి. కథ తెలీదు, ఎవడు మంచివాడో ఎవడు చెడ్డవాడో చెప్పే పుస్తకం లేదు. నీలంవాడు మనవాడు, మిగతావాళ్లు కారు. అంతే తెలుసు.

మొదటి భాగంలో ఆట దాచుకునే వీలు లేదు. మొదలుపెడితే చివరిదాకా ఒక్క కూర్పునే ఆడాలి, లేదంటే మళ్లీ మొదటి నుంచి. ఇది జపాన్ పిల్లలకు ఎంత ఇబ్బందో నాకు తెలీదు గాని మాకు కరెంటుతో ముడిపడిన సంగతి. నలుగురిని ఓడించి ఐదోవాడి తలుపు ముందు నిలబడ్డప్పుడు కరెంటు పోయేది. టీవీ మధ్యలో తెల్ల చుక్క ఒకటి కాసేపు వెలిగి అదీ పోయేది. మా పాత ఊరు శ్రీశైలం నీళ్లలో ఉంది. ఆ నీళ్లు డ్యాం దగ్గర కుడిగట్టున ఒక్కొక్కటి 110 మెగావాట్ల ఏడు యంత్రాలను తిప్పుతాయి. ఆ నీటి ఒడ్డునే కూర్చుని మేం కరెంటు కోసం ఎదురుచూసేవాళ్లం. అప్పట్లో ఇది వింతగా తోచలేదు. కరెంటు పోవడం వాన పడడంలాంటిదే అనుకున్నాం.

రెండో భాగం 1988 డిసెంబరులో వచ్చింది, మా దగ్గరికి మరుసటి ఎండాకాలం. అందులో ఆట దాచుకోవడానికి ఒక ఏర్పాటుంది: అయిదు వరసలు, అయిదు నిలువులు, మొత్తం 25 గళ్లు. వాటిలో ఎప్పుడూ 9 ఎర్ర చుక్కలు. ఎనిమిదిమంది శత్రువుల్లో ఎవరు పోయారు, ఎవరున్నారు అన్నది ఎనిమిది చుక్కలు చెబుతాయి. తొమ్మిదోది మన దగ్గర ఎన్ని శక్తి డబ్బాలు మిగిలాయో చెబుతుంది. అక్షరాలు రానివాడు కూడా చూసి గీసుకోగల లెక్క. నేను లెక్కల నోటుబుక్కు వెనక అట్ట మీద గీసుకునేవాణ్ణి. మా అవ్వ చూసి "ఇదేం ముగ్గురా, సుక్కలు కలపకనే ఇడ్సిపెట్టినవ్" అంది. ఆట రూపకల్పనలో నాకు ఇప్పటికీ అన్నిటికన్నా ఇష్టమైనది ఆ గళ్లే. కరెంటు మీద నమ్మకం లేనివాడికి కాగితం మీద నమ్మకం ఇచ్చాయి.

ఇక ఆ 'న్యాయం' మాట. ఐస్ మ్యాన్ దశలో గాలిలో తేలే పలకలుంటాయి, వాటి మీదెక్కి గుంత దాటాలి. అవి ఎటు తిరుగుతాయో వాటికే తెలీదు, పైగా మన మీద కాలుస్తాయి. నేను సరిగ్గా దూకినా పలక రాకపోతే చస్తాను. ఇందులో నా తప్పేమిటి? రెండో భాగంలో క్విక్ మ్యాన్ దశలో కిందికి పడుతుంటే పక్కల నుంచి కాంతి కడ్డీలు దూసుకొస్తాయి, తగిలితే అక్కడికక్కడే చావు. మొదటిసారి ఆడేవాడికి అవి ఎక్కడ వస్తాయో తెలిసే దారి లేదు. చచ్చి తెలుసుకోవాలి, బట్టీ పట్టాలి. ఎక్కాలు అప్పజెప్పినట్టు చేతివేళ్లు అప్పజెప్పాలి. బట్టీ పట్టడంలో ఆనందం లేదని నేననను. పన్నెండో ఎక్కం తడబడకుండా చెప్పిన రోజు ఎంత గొప్పగా ఉంటుందో నాకు తెలుసు. కానీ దాన్ని న్యాయం అనడం, మాస్టారి బెత్తాన్ని న్యాయం అన్నట్టే. పాస్ అయినవాళ్లు చెప్పుకునే మాట అది.

ఇదంతా చిన్న తగవు. అసలు తగవు గట్స్ మ్యాన్‌తో.

గట్స్ మ్యాన్ దశ ఒక రాతి గని. పట్టాల మీద కదిలే పలకలతో మొదలవుతుంది. పట్టా తెగిన చోట పలక కింద పడిపోతుంది, సరిగ్గా ఆ క్షణానికి గాల్లో ఉండాలి. ఆ తర్వాత గడ్డపారలు విసిరే యంత్రాలు, పచ్చ టోపీ కింద ముడుచుకునే చిన్న యంత్రాలు. అన్నీ పనివాళ్లే. చివర్న గట్స్ మ్యాన్. పెద్ద దవడ, పెద్ద చేతులు. వాడు ఎగిరి దిగితే నేల అదురుతుంది, మనం నేల మీదుంటే కదలలేం. పైనుంచి బండ పట్టుకుని మన మీదికి విసురుతాడు. మా ఊళ్లో పిల్లలందరికీ వీడంటే భయం. బాంబు దొరికాక మాత్రం నవ్వులాట.

ఒక సాయంత్రం నాయిన వెనక నిలబడి చూస్తున్నాడని నాకు తెలీదు. నేను బాంబులేసి గట్స్ మ్యాన్‌ను పేల్చాను. మెగా మ్యాన్‌లో ఎవరు చచ్చినా ముక్కలు కావు, గుండ్రటి చుక్కలై నలుదిక్కులకూ పోతారు. నాయిన అడిగాడు:

"ఈడేంజేసిండురా?"

"ఈడు దొంగ నాయినా."

"బండలు మోస్తుండు గదా. దొంగెట్లయిండు?"

నా దగ్గర జవాబు లేదు. నాయిన పెళ్లి కాకముందు డ్యాం పనికి పోయినవాడు. రాళ్లు మోసిన పని, సిమెంటు కలిపిన పని. తను కడుతున్న గోడ వెనక నిలిచే నీళ్లు తన ఇంటి మీదికే వస్తాయని అందరిలాగే అతనికీ తెలుసు. కూలి కావాలి, పోయాడు. దాదాపు వంద ఊళ్లు మునిగాయి, మాదీ వాటిలో ఒకటి. సోమేశ్వరుడి గుళ్లను రాయి రాయీ విప్పి తెచ్చి గట్టు మీద మళ్లీ నిలబెట్టారు. ఇళ్లను ఎవరూ అలా తేలేదు. నాయిన దీని గురించి ఎప్పుడూ పెద్దగా మాట్లాడడు. గట్స్ మ్యాన్ గురించి అడిగిన ఆ ఒక్క ప్రశ్న తప్ప ఆ ఆట మీద కూడా మరో మాటనలేదు.

చాలా ఏళ్ల తర్వాత, హైదరాబాదులో ఉద్యోగంలో పడ్డాక, ఆట కథ నాకు దొరికింది. డాక్టర్ లైట్ అనే శాస్త్రవేత్త ఈ ఆరు యంత్రాలనూ జనం పనికోసం తయారు చేశాడట. కట్ మ్యాన్ చెట్లు కొట్టడానికి. బాంబ్ మ్యాన్ బండలు పేల్చి నేల చదును చేయడానికి. గట్స్ మ్యాన్ బరువులెత్తి కట్టడాలు కట్టడానికి. ఎలెక్ మ్యాన్ విద్యుత్ కేంద్రం నడపడానికి. మిగతా ఇద్దరిలో ఫైర్ మ్యాన్ చెత్త కాల్చడానికి, ఐస్ మ్యాన్ గడ్డకట్టే చలిలో పనిచేయడానికి. డాక్టర్ వైలీ అనే ఇంకొకడు వచ్చి వాళ్ల బుర్రలు మార్చి తన సైన్యంగా చేసుకున్నాడు. మెగా మ్యాన్ కూడా పనివాడే. లైట్ ఇంట్లో ప్రయోగశాల పనులు చేసే పిల్లాడు, పేరు రాక్. చెల్లెలు రోల్ ఇంటిపని చేస్తుంది. ఆ పిల్లాడే ముందుకొచ్చి నన్ను యుద్ధానికి తగ్గట్టు మార్చమన్నాడు.

ఆ జాబితా చదివి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. అడవి కొట్టేవాడు, బండ పేల్చేవాడు, రాయి మోసేవాడు, కరెంటు తీసేవాడు. ఆనకట్ట కట్టాలంటే కావలసిన మంద ఇదే. (మంచువాడూ నిప్పువాడూ ఈ లెక్కలోకి రారు, బలవంతంగా తీసుకురాను.) ఎవరి బుర్రో మార్చేసి వాళ్ల చేతే చేయించిన పనికి శిక్ష మాత్రం వాళ్లకు పడుతుంది. బుర్ర మార్చినవాడు ఆట చివర మోకాళ్ల మీద పడి తల నేలకు కొట్టుకుంటాడు, మెగా మ్యాన్ వదిలేస్తాడు. ఇక్కడ నాకు ఆట మీద నిజంగా కోపమొస్తుంది. బుర్ర మార్చగలిగినప్పుడు తిరిగి మార్చలేరా? ఆ ప్రశ్న అడగడానికి ఆటలో మీట లేదు. ఒక మీట దూకడానికి, ఒకటి కాల్చడానికి.

ఇంకో సంగతి. మన కథల్లో ఆయుధం ఎలా వస్తుంది? విశ్వామిత్రుడు రాముడికి ఉపదేశించాడు, అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేశాడు. అడగాలి, అర్హత చూపాలి, ఇచ్చేవాడుండాలి. మెగా మ్యాన్‌కు ఎవరూ ఇవ్వరు. చచ్చినవాడి పనిముట్టు తీసుకుంటాడు. చెట్లు కొట్టే కత్తెర, బండలు పేల్చే బాంబు, విద్యుత్ కేంద్రపు మెరుపు అతని చేతిలో ఆయుధాలే తప్ప పనిముట్లు కావు. ఒక్క గట్స్ మ్యాన్ బలం మాత్రం తేడా. దాన్ని తీసుకున్నాక దారిలో అడ్డున్న బండలను మెగా మ్యాన్ ఎత్తి పక్కకు తీయగలడు. ఎలెక్ మ్యాన్ దశలో అలా బండలు తీస్తే వెనక దాచిన ఒక పనికొచ్చే వస్తువు దొరుకుతుంది. ఆరింటిలో ఆ ఒక్కటే చేతికొచ్చాక కూడా పనిలా మిగులుతుంది.

రామాయణంలోనే ఇంకొకటుంది. అస్త్రాలు తీసుకున్నాక రాముడు వాటిని ఉపసంహరించే విద్య కూడా అడుగుతాడు. వేయడం ఒక్కటే వస్తే చాలదు, వెనక్కి తీసుకోవడం తెలియాలి. అది రాకనే కదా అశ్వత్థామ అంత పని చేశాడు. మెగా మ్యాన్ మొదటి భాగంలో ఉపసంహారం లేదు. ముగింపులో అతను ఇంటికి పరుగెత్తుతాడు, లైట్, రోల్ ఎదురుచూస్తుంటారు, శాంతి కోసం పోరాడుతూనే ఉండమని అక్షరాలు చెబుతాయి. పోరాడుతూనే ఉండాలంటే ఇంకొందరు గట్స్ మ్యాన్‌లు కావాలి మరి.

రెండో భాగం అన్ని విధాలా మెరుగైన ఆట. అందులో సందేహం లేదు. ఎనిమిదిమంది శత్రువులు, ఒక్కో దశకు ఒక్కో లోకం, ఇప్పటికీ చెవిలో తిరిగే సంగీతం. శత్రువుల రూపాలు కూడా ఆడే పిల్లలు పంపిన బొమ్మల నుంచి తీసుకున్నారు. అయితే తయారుచేసినవాళ్లు ఒక పని చేశారు: ఈ ఎనిమిదిమందినీ వైలీయే యుద్ధం కోసం పుట్టించాడన్నారు. పనివాళ్లు కారు, మొదటి నుంచీ సైనికులు. చంపడానికి ఇక ఏ అడ్డమూ లేదు. మొదటి ఆటలో గుచ్చుకునే ముల్లు ఇందులో తీసేశారు. నాయిన ఈ ఆటలో ఎవణ్ణి చూసి ఉన్నా ఆ ప్రశ్న అడిగేవాడు కాదు. మెటల్ మ్యాన్ సంగతి ఒకటుంది గానీ: వైలీ కోటలో అతన్ని రెండోసారి ఎదుర్కొన్నప్పుడు అతని రంపపు చక్రాన్నే అతని మీద వేస్తే రెండంటే రెండు దెబ్బలకు పోతాడు. ఆ పొడుపుకథ విప్పిన రోజు మేం పిల్లలం ఎంత నవ్వామో. ఇప్పుడు ఆ నవ్వు రావడం లేదు.

ఆ భాగంలో నేను మళ్లీ మళ్లీ ఆడేది బబుల్ మ్యాన్ దశ. జలపాతం మీద మొదలై నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో మెగా మ్యాన్ మామూలుకన్నా చాలా ఎత్తు ఎగురుతాడు, నెమ్మదిగా దిగుతాడు. హాయిగా ఉంటుంది. కానీ పైకప్పు నిండా ముళ్ల గుండ్లు, తాకితే చావు. దొరికిన స్వేచ్ఛే చంపుతుంది, కొంచెం కొంచెంగా దూకడం నేర్చుకోవాలి. ఆట రూపకల్పన అంటే ఇది. కొత్త మీట ఇవ్వకుండా, ఒక్క మాట చెప్పకుండా, నీళ్లంటే ఏమిటో చేతికి తెలిసేలా చేశారు. పదేళ్లప్పుడు నాకది ఇంకోలా ఉండేది. నీళ్ల అడుగున ఇటుక గోడల మధ్య ఒకడు ఊపిరి ఆడకపోయినా నడుస్తున్నాడు. మా పాత ఇంట్లో ఇలా నడవొచ్చా అని అవ్వను అడిగాను. అవ్వ "ఎడమదిక్కు బావి ఉంటది, సూస్కొని నడువు" అంది. నవ్వుతూ అందో లేదో గుర్తులేదు.

ఆ భాగం ముగింపు గురించి చెప్పకుండా ఆపలేను. చివరి కోటలో ఒక చోట సంగీతం ఆగిపోతుంది. గుహలో పైనుంచి ఎర్రటి బొట్లు పడే చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అంతసేపు హోరెత్తించిన ఆట అలా నోరు మూసుకోవడం ఇప్పుడు విన్నా జలదరింపే. ఆ తర్వాత ఆఖరి పోరు, ఆ తర్వాత ఒక్క అక్షరం లేని ముగింపు. మెగా మ్యాన్ నడుస్తుంటాడు. వెనక ఋతువులు మారుతుంటాయి. నడిచీ నడిచీ చివరికి అతను కనిపించడు, నేల మీద అతని హెల్మెట్ ఒక్కటే ఉంటుంది. ఇల్లు లేదు, లైట్ లేడు, రోల్ లేదు, శాంతి గురించి ఉపన్యాసం లేదు. నాకు తెలిసినంతలో ఈ రెండు ఆటల్లో ఉపసంహారం అనదగ్గది అదొక్కటే. తక్కువ చోటులో ఎక్కువ చెప్పడానికి అలా చేసి ఉంటారని ఎవరైనా అనొచ్చు. అనుకోనీ. కానీ ఆ హెల్మెట్ మొదటి భాగం చివర ఉండాల్సింది. పనివాళ్లను చంపినవాడు దించాల్సిన బరువును సైనికులను చంపినవాడి చేత దింపించారు.

2008లో వచ్చిన తొమ్మిదో భాగంలో ఈ ప్రశ్న పైకే అడిగారు. అందులో లైట్ చేసిన పని యంత్రాలకు గడువు తీరిపోతుంది, చట్టప్రకారం తుక్కులో వేయాలి. వైలీ వచ్చి వాళ్ల భయాన్ని వాడుకుంటాడు. వాళ్లలో కాంక్రీట్ మ్యాన్ అని ఒకడున్నాడు, ఆనకట్టలు కట్టడానికి చేసిన యంత్రం. చదవగానే నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆడాక మాత్రం కొంచెం నిరుత్సాహం. ప్రశ్నను మాటల్లో అడుగుతారు, చేతుల్లో మళ్లీ అవే రెండు మీటలు పెడతారు. కథ చివర యంత్రాలను బాగుచేసి నిలబెట్టినట్టు చూపిస్తారు గానీ, ఆ బాగుచేసేది మనం కాదు.

ఇప్పుడు ఈ పాత ఆటలన్నీ ఒకే కట్టగా దొరుకుతున్నాయి. 2018లో స్విచ్ యంత్రానికి వచ్చిన కట్టలో వెనక్కి తిప్పే సదుపాయం కూడా ఉంది. మీట నొక్కి పట్టుకుంటే ఆట వెనక్కి నడుస్తుంది. పాత అభిమానులకు ఇది గిట్టదు, ఆటను పాడుచేసింది అంటారు. నాకూ మొదట గిట్టలేదు. గుంతలో పడడం, లేవడం, పడడం లేకపోతే ఐస్ మ్యాన్ దశలో ఏముంది?

పోయిన నెల నీళ్లు బాగా తగ్గాయి. అవతల సంగమేశ్వరం గుడి తేలింది, ఇటు మా పాత ఊరి పునాది రాళ్లు కొన్ని కనబడ్డాయి. నాయిన పొద్దున పోయి చూసి వచ్చాడు, ఏమీ చెప్పలేదు. సాయంత్రం నేను అరుగు మీద గట్స్ మ్యాన్ దశ ఆడుతుంటే పక్కన వచ్చి కూర్చున్నాడు. నేను బాంబులేశాను. గట్స్ మ్యాన్ చుక్కలై పోయాడు.

"ఆడేనా? అప్పటోడు?"

"ఆడే నాయినా."

వెనక్కి తిప్పే మీట నొక్కి చూపించాను. నలుదిక్కులకూ పోయిన చుక్కలన్నీ తిరిగొచ్చి ఒక చోట చేరాయి, గట్స్ మ్యాన్ లేచి నిలబడ్డాడు, బాంబు నా చేతిలోకి వచ్చేసింది, విసిరిన బండ అతని చేతుల్లోకి పోయింది. నాయిన ముందుకు వంగి చూశాడు. ఇంకోసారి చెయ్యమన్నాడు. చేశాను.

"ఇగ ఆడనే ఉండనియ్యి" అని లేచి, బర్రెను కట్టేయడానికి పోయాడు.